పుంజు కూత మానితే

"నా కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదు" అనుకున్నదట వెనకటికి ఒక ముసలమ్మ. కోడి కూయకపోయినా తెల్లవారుతుంది. అది అందరికీ తెలుసు. కాని రోజూ కూసే పుంజు ఒకనాడు కూయలేదంటే అందులో ఒక కబురు ఉంది. ఆ కబురు విన్న ఇల్లాలు ఆ పుంజును కాపాడుకోవచ్చు. అది దక్కకపోయినా, మిగిలిన కోళ్లను కాపాడుకోవచ్చు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల చాలా ఊళ్లకు సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారతాయి. వరి పండుతుంది. మిర్యాలగూడలో రైసుమిల్లులు చాలా ఉన్నాయి. నూకలకు, తవుడుకు కొదువ లేదు. కళ్లంలో రాలిన గింజలు, పెంటకుప్ప మీద పురుగులు ఏరుకొని పెరటికోడి పెరుగుతుంది. పెట్టుబడి తక్కువ. చుట్టం వస్తే కూర అవుతుంది. అవసరం వస్తే డబ్బు అవుతుంది. పిల్లకు పుస్తకాలు కొనాలన్నా, పట్నం ఆసుపత్రికి పోవాలన్నా ఒక పుంజును అమ్మితే చేతికి నాలుగు పైసలు వస్తాయి. ఆ డబ్బు ఎక్కువగా ఆడవాళ్ల చేతి డబ్బు.

తెగులు తగిలితే వారం రోజుల్లో గంప ఖాళీ అవుతుంది. అందుకే కోడి జబ్బును గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

మంచి పుంజు ఎట్లా ఉంటుంది?

జబ్బు తెలియాలంటే ముందు ఆరోగ్యం తెలియాలి. మంచి పుంజు తెల్లవారుజామున కూస్తుంది. తలమీది తురాయి ఎర్రగా ఉంటుంది. కళ్లు మెరుస్తాయి. ఈకలు నున్నగా ఒంటికి అతుక్కొని ఉంటాయి. మేత కనిపిస్తే తాను తినకుండా "కొక్కొక్కొ" అని పెట్టలను పిలుస్తుంది. ఇంకో పుంజు వస్తే మెడ ఈకలు రిక్కించి నిలబడుతుంది.

కోడి తన జబ్బును దాచుకుంటుంది. నలతగా ఉన్న కోడిని తోటి కోళ్లు పొడుస్తాయి. పిల్లి, కుక్క కనిపెడతాయి. అందుకే ఓపిక ఉన్నంతసేపు బాగున్నట్లే తిరుగుతుంది. అది ఒక మూలన కూర్చున్నదంటే జబ్బు అప్పటికే ముదిరిందన్నమాట. కాబట్టి రోజూ గంప ఎత్తేటప్పుడు ఒక్క నిమిషం నిలబడి చూడాలి.

గంప ఎత్తగానే చూడవలసినవి

1. నడక: చురుకుగా బయటికి వస్తున్నదా? కుంటుతున్నదా? రెక్కలు వేలాడేసిందా? మెడ ముడుచుకొని కునికిపాట్లు పడుతున్నదా?

2. తురాయి: ఎర్రగా ఉందా? పాలిపోయిందా? నీలంగా, నల్లగా మారిందా? దాని మీద బొబ్బలు ఉన్నాయా?

3. కళ్లు, ముక్కు, నోరు: కంట్లో నీరు, ముక్కులో చీమిడి ఉన్నాయా? ముఖం వాచిందా? నోరు తెరిచి ఊపిరి తీస్తున్నదా?

4. గొంతు కింది సంచి: కోడి తిన్న మేత ముందు ఈ సంచిలో చేరుతుంది. రాత్రంతా అరిగి పొద్దునకు ఖాళీ అవుతుంది. పొద్దున కూడా గట్టిగానో, నీళ్ల తిత్తి లాగానో ఉంటే మేత కిందికి దిగడం లేదన్నమాట.

5. రెట్ట: మంచి రెట్ట గట్టిగా ఉంటుంది. దాని మీద తెల్లటి సున్నం లాంటిది కనిపిస్తుంది. అది కోడి మూత్రం. రోజుకు ఒకటి రెండుసార్లు గోధుమరంగులో జిగటగా వేస్తుంది. అదీ మామూలే. పచ్చగా నీళ్లలాగా పారినా, నెత్తురు పడినా, దారపు పోగుల వంటి పురుగులు కనిపించినా అది జబ్బు గుర్తు.

6. బరువు: చేతిలోకి తీసుకొని రొమ్ము తడమాలి. మధ్య ఎముక కత్తి అంచులాగా తగిలితే కోడి చిక్కిపోయింది.

ఒక మాట గుర్తుంచుకోవాలి. కోడి ఒళ్లు మనిషి ఒంటికన్నా వేడిగా ఉంటుంది. మంచి కోడికి కూడా సుమారు 106 డిగ్రీల వేడి ఉంటుంది. చేత్తో తాకి "జ్వరం కాలిపోతున్నది" అనుకోరాదు.

ముందు చేయవలసిన పని

జబ్బు ఏదో తెలియకపోయినా మొదటి పని ఒక్కటే. ఆ కోడిని వేరు చేయాలి. వేరే గంప కింద, నీడలో, మిగిలిన కోళ్లకు దూరంగా పెట్టాలి. దాని నీళ్ల మూకుడు, మేత చిప్ప కూడా వేరుగా ఉండాలి. ముందు మంచి కోళ్లకు మేత వేసి, ఆ తరువాత జబ్బు కోడి దగ్గరికి పోవాలి. తిరిగి వచ్చాక చేతులు, కాళ్లు సబ్బుతో కడుక్కోవాలి. పిల్లలను దాని దగ్గరికి పోనీయరాదు.

జబ్బు కోడి మేత మానినా ఓర్చుకుంటుంది. నీళ్లు మానితే ఓర్చుకోలేదు. శుభ్రమైన నీళ్లు ముందు పెట్టాలి. పారుడు ఉంటే లీటరు నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి పెట్టవచ్చు. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలపాలి. మెత్తటి అన్నం, నూకల జావ కొద్దికొద్దిగా పెట్టాలి.

కొందరు కోడి నోరు తెరిచి గ్లాసుతో నీళ్లు పోస్తారు. అది ప్రమాదం. కోడి నాలుక వెనకనే ఊపిరి గొట్టం రంధ్రం ఉంటుంది. పోసిన నీళ్లు అందులోకి పోతే కోడి అక్కడికక్కడే చస్తుంది. తాగలేని కోడికి ముక్కు అంచున ఒక్కొక్క చుక్క వేయాలి. అది మింగిన తరువాతే ఇంకో చుక్క వేయాలి.

ఏ గుర్తుకు ఏ జబ్బు?

ఎండదెబ్బ: ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రాంతంలో ఎండలు మండిపోతాయి. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పుతుంది. రెక్కలు ఒంటికి దూరంగా పెడుతుంది. నీడలోకి తెచ్చి, చల్లటి నీళ్లు పెట్టి, కాళ్లు తడిపితే కొద్దిసేపట్లో తేరుకుంటుంది. నీడలో ఉన్నా, పొద్దున చల్లటి పూట కూడా నోరు తెరిచి గురక పెడుతుంటే అది ఎండదెబ్బ కాదు. రొమ్ము జబ్బో, తెగులో అయి ఉంటుంది.

బొబ్బ రోగం: తురాయి మీద, ముఖం మీద, కనురెప్పల మీద కాయల వంటి బొబ్బలు వస్తాయి. దీన్నే పల్లెల్లో అమ్మవారు పోసింది అంటారు. ఇది కంటికి కనిపించని క్రిమి వల్ల వస్తుంది. దోమలు కూడా దీన్ని ఒక కోడి నుంచి ఇంకో కోడికి మోస్తాయి. దీన్ని చంపే మందు లేదు. బొబ్బలను గిల్లరాదు. కళ్లు మూసుకుపోతే కాచి చల్లార్చిన నీళ్లలో ముంచిన గుడ్డతో తుడవాలి. కన్ను కనిపించక కోడి ఆకలితో చావకుండా మేత ముక్కు దగ్గర పెట్టాలి. నోట్లో కూడా పొక్కులు రాకుంటే మూడు నాలుగు వారాల్లో చాలావరకు మానుతుంది. రాకముందే వేసే టీకా ఉంది. దాన్ని రెక్క పొరలో పొడుస్తారు.

అంటు జలుబు: ముఖం వాస్తుంది. ముక్కు నుంచి చీమిడి కారి చెడు వాసన వేస్తుంది. దీనికి మందు ఉంది. డాక్టరు ఎన్ని రోజులు వాడమంటే అన్ని రోజులూ వాడాలి. రెండు రోజులకు తేరుకున్నదని మానితే మళ్లీ తిరగబెడుతుంది.

నెత్తురు పారుడు: ఇది పిల్లలకు ఎక్కువగా వస్తుంది. గూట్లో తడి, చెమ్మ ఉంటే పెరుగుతుంది. గూడు ఊడ్చి ఆరబెట్టాలి. రెట్ట చూపించి డాక్టరు దగ్గర మందు తెచ్చుకోవాలి.

ఏలికపాములు: కోడి మేత తింటుంది కాని చిక్కిపోతుంది. తురాయి పాలిపోతుంది. డాక్టరు చెప్పిన గడువు ప్రకారం పురుగుల మందు తాగించాలి.

పేలు, గోమార్లు: కోడి ఎప్పుడూ ఈకలు పొడుచుకుంటుంది. ఈకలు విప్పి రెక్క కింద, రెట్ట వేసే చోట చూస్తే కనిపిస్తాయి. కొన్ని గోమార్లు పగలు గూటి కర్రల సందుల్లో దాక్కొని రాత్రి వచ్చి నెత్తురు తాగుతాయి. అందుకే కోడికి మందు వేస్తే చాలదు. గూడుకు సున్నం వేయాలి. బూడిద, ఇసుక కలిపిన గుంత పెడితే కోడి అందులో పొర్లి తనను తాను శుభ్రం చేసుకుంటుంది. పొలానికి కొట్టే పురుగుమందును మాత్రం కోడికి పూయరాదు.

విషం: మందు కలిపిన విత్తనాలు తిన్నా, మందు కొట్టిన పొలంలో నీళ్లు తాగినా కోడి నోట చొంగ కారుతుంది. ఒళ్లు వణుకుతుంది. అప్పటిదాకా బాగున్న కోళ్లు ఒకేసారి పడిపోతాయి. ఆ కోళ్లను తినరాదు.

పాదం వాపు: ఎత్తు నుంచి దూకే బరువు పుంజుకు పాదం కింద ఆనె కట్టి చీము పడుతుంది. గోరువెచ్చటి ఉప్పునీళ్లలో పాదం నానబెట్టి తుడవాలి. తగ్గకుంటే డాక్టరు చేత చీము తీయించాలి.

కొక్కెర తెగులు

అన్నిటికన్నా భయంకరమైనది కొక్కెర తెగులు. డాక్టర్లు దీన్ని రాణిఖేత్ అంటారు. రాణిఖేత్ హిమాలయాల దగ్గర కుమావూ కొండల్లో ఒక ఊరు. 1920ల చివర మన దేశంలో ఈ తెగులును అక్కడ గుర్తించారు. అందుకే ఆ పేరు. అంతకు కొద్దికాలం ముందు, 1926లో, ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో ఇదే తెగులు కనిపించింది.

ఈ తెగులు వస్తే కోడి మేత మానుతుంది. పచ్చగా, తెల్లగా నీళ్ల పారుడు అవుతుంది. నోరు తెరిచి గురక పెడుతుంది. రెండు మూడు రోజులకు మెడ మెలి తిరుగుతుంది. కాలు, రెక్క పడిపోతాయి. టీకా వేయని కోళ్లలో నూటికి ఎనభై, తొంభై కూడా చనిపోవచ్చు.

కోదాడ దగ్గర ఒక పల్లె అనుకుందాం. ఒక ఇంట్లో అత్తాకోడళ్లు 12 కోళ్లు పెంచుతున్నారు. వాటిలో ఒకటి డేగపుంజు. దాన్ని అమ్మి బిడ్డకు బడి ఫీజు కట్టాలని కోడలు అనుకున్నది.

"అత్తా, డేగపుంజు పొద్దున కూయలే. గంపలనే మూలకు కూసున్నది. రెట్ట పచ్చగ పారుతున్నది" అన్నది కోడలు.

"అయ్యో, రేపు అంగడే గదా. తీస్కపోయి అమ్మేద్దాం. ఇయ్యాల రేపట్ల చస్తే ఒక్క పైస రాదు" అన్నది అత్త.

"అమ్మితే కొన్నోళ్ల ఇంట్ల కోళ్లన్నీ చస్తయి అత్తా. పోయినేడు మనం అంగడిల కొన్న కోడితోనే గదా మన గంప ఖాళీ అయింది?"

అత్త కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి బిడ్డ ఫీజెట్ల?" అన్నది.

"ఇంకా పదకొండు కోళ్లున్నయి. అవి దక్కితే చూసుకుందాం" అన్నది కోడలు.

పుంజును వేరే గంప కింద పెట్టి, కోడలు పశువుల ఆసుపత్రికి పోయింది. డాక్టరు వచ్చి చూశారు.

"సారూ, ఏదన్న సూది వెయ్యండి. ఎంతయినా కడతం" అన్నది అత్త.

"దీనికి సూది లేదమ్మా. ఈ తెగులు వచ్చినంక నయం చేసే మందు ఎక్కడా లేదు. రాకముందు వేసే టీకానే ఉంది. ఇంకా తెగులు అంటని కోళ్లకు ఇప్పుడన్నా వేయిద్దాం. టీకా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆలోగా ఒకటి రెండు పోవచ్చు. భయపడకండి. చుట్టుపక్కల ఇండ్ల కోళ్లకు కూడా వేయించాలె" అన్నారు డాక్టరు.

మూడో రోజు పుంజు చనిపోయింది. ఆ వారంలో రెండు పెట్టలు కూడా పోయాయి. మిగిలిన తొమ్మిది బతికాయి. చచ్చినవాటిని కాలువలో వేయలేదు. పెరటి వెనక నాలుగడుగుల గుంత తీసి, సున్నం చల్లి పూడ్చారు. కాలువలో వేసిన కోడి నీళ్ల వెంట పోతుంది. దాని వెంట తెగులు కూడా కింది ఊరికి పోతుంది.

టీకా ఎప్పుడు వేయించాలి?

పిల్ల పుట్టిన మొదటి వారంలో కంట్లోనో, ముక్కులోనో ఒక చుక్క మందు వేస్తారు. ఎనిమిది వారాల తరువాత రెక్క దగ్గర చర్మం కింద సూది వేస్తారు. ఈ సూది మందును 1940లలో ముక్తేశ్వర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థలో తయారుచేశారు. ఇది బలమైన మందు. చిన్న పిల్లలకు వేయరాదు. ఆ తరువాత మళ్లీ ఎప్పుడు వేయించాలో డాక్టరు చెబుతారు. ఆ తేదీని కేలండరు మీద రాసిపెట్టుకోవాలి.

టీకా మందు మంచు పెట్టెలో ఉండాలి. ఎండ తగిలితే చెడిపోతుంది. కలిపిన తరువాత రెండు గంటల్లో వాడాలి. అందుకే పొద్దున్నే, చల్లటి పూట వేయించాలి. సీసాలో ఎక్కువ మోతాదులు ఉంటాయి. ఒక్క ఇంటి కోసం సీసా విప్పితే మిగిలిన మందు వృథా అవుతుంది. పది ఇండ్లు కలిస్తే ఏదీ వృథా కాదు. మహిళా సంఘంలో ఈ మాట మాట్లాడుకోవచ్చు.

బర్డ్ ఫ్లూ

బర్డ్ ఫ్లూ కూడా కొక్కెర తెగులు లాగానే కనిపిస్తుంది. తురాయి నీలంగా మారుతుంది. తల వాస్తుంది. ఒక్కోసారి ఏ గుర్తూ లేకుండా కోళ్లు కుప్పగా చనిపోతాయి. కంటితో చూసి ఇది అదా, అది ఇదా అని ఎవరూ చెప్పలేరు. పరీక్ష చేయవలసిందే. ఆ పరీక్ష చేసే పెద్ద లేబొరేటరీ భోపాల్‌లో ఉంది.

మన దేశంలో బర్డ్ ఫ్లూ మొదట 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్ల ఫారాలకు వచ్చింది. అప్పుడు కోదాడ దగ్గర రామాపురం చెక్‌పోస్టులో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే కోళ్ల బండ్లను ఆపి వెనక్కి పంపారు. అదే నెలలో హైదరాబాదు దారిలో చౌటుప్పల్ మండలం నేలపట్లలో కూడా వచ్చింది.

ఈ జబ్బు మనుషులకు అరుదుగా సోకుతుంది. సోకితే ప్రాణం మీదికి వస్తుంది. 2025 మార్చిలో పల్నాడు జిల్లాలో ఒక పసిపాప ఈ జబ్బుతో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని ఇంటివాళ్లు చెప్పారు. బాగా ఉడికిన మాంసంలో, గుడ్డులో ఈ క్రిమి బతకదు. కాని జబ్బు కోడిని కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడు అది చేతులకు, ముక్కుకు అంటుతుంది. అందుకే జబ్బు కోడిని కోయనే కోయరాదు.

ఊళ్లో ఒకేసారి చాలా కోళ్లు, కాకులు, కొంగలు చచ్చిపడితే చేతులతో తాకరాదు. వెంటనే పశువుల ఆసుపత్రికి చెప్పాలి. దాచిపెట్టరాదు. బర్డ్ ఫ్లూ అని తేలితే సర్కారు ఆ చుట్టుపక్కల కోళ్లను చంపించి, వాటికి నష్టపరిహారం ఇస్తుంది. ముందే చచ్చిన వాటికి ఇవ్వదు. కబురు ఎంత త్వరగా చేరితే నష్టం అంత తగ్గుతుంది.

చేయరాని పనులు

మనుషుల మాత్రలు అరగదీసి పోయరాదు. సారా, కిరసనాయిలు, పొగాకు నీళ్లు తాగించరాదు. కోడిని తలకిందులుగా పట్టి గొంతు సంచి పిసకరాదు. జబ్బు కోడిని అంగట్లో అమ్మరాదు. పంచిపెట్టరాదు. కొత్తగా కొన్న కోడిని కనీసం 15 రోజులు వేరుగా ఉంచకుండా మంచి కోళ్లలో కలపరాదు. మందు వాడిన కోడిని డాక్టరు చెప్పిన రోజులు గడవకముందే తినరాదు.

గుర్తుంచుకోండి

రోజూ పొద్దున ఒక్క నిమిషం చూడండి.
జబ్బు కోడిని వెంటనే వేరు చేయండి.
కొక్కెర తెగులుకు మందు లేదు, టీకా ఉంది.
చచ్చిన కోడిని లోతుగా పూడ్చండి.

లెక్క చేయండి

ఒక వాడలో 8 ఇండ్లు ఉన్నాయి. ఒక్కో ఇంట్లో 12 కోళ్లు ఉన్నాయి. మొత్తం ఎన్ని కోళ్లు? టీకా సీసాలో 100 మోతాదులు ఉన్నాయి. అన్ని కోళ్లకూ సరిపోతుందా? ఎన్ని మోతాదులు మిగులుతాయి? ఒక్క ఇంటికే సీసా విప్పితే ఎన్ని మోతాదులు వృథా అవుతాయి?

జవాబులు రాయండి

1. కోడి తన జబ్బును ఎందుకు దాచుకుంటుంది?
2. ఎండదెబ్బకు, తెగులుకు తేడా ఎట్లా తెలుసుకోవాలి?
3. కోడి నోట్లో గ్లాసుతో నీళ్లు ఎందుకు పోయరాదు?
4. పుంజును అంగడిలో అమ్మవద్దని కోడలు ఎందుకు అన్నది? మీరయితే ఏం చేస్తారు?
5. మీ ఊరి పశువుల ఆసుపత్రి ఎక్కడ ఉంది? అక్కడి ఫోను నంబరు తెలుసుకొని ఇక్కడ రాసుకోండి.

కొత్త మాటలు

టీకా: జబ్బు రాకముందే వేసే మందు
మోతాదు: ఒకసారికి వేయవలసిన మందు
వృథా: ఎవరికీ పనికిరాకుండా పోవడం
లేబొరేటరీ: జబ్బును పరీక్ష చేసే చోటు
నష్టపరిహారం: పోయినదానికి బదులుగా ఇచ్చే డబ్బు